శాంతయ్య తాళం

శాంతయ్య మీట కిందికి దించి బెల్టు ఆపాడు. మీటకు తన తాళం వేసి, తాళంచెవిని మెడలో దారానికి తగిలించుకున్నాడు. ఆ దారానికి ఒక చిన్న ఇత్తడి శిలువ, ఈ చెవి, రెండే ఉంటాయి. తర్వాత పార అందుకుని బెల్టు కిందకు వంగాడు.

క్వారీ నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి మోసే బెల్టు అది. రాళ్లూ పొడీ రాలి రోలర్ల మధ్య కూరుకుంటాయి. వాటిని తోడిపొయ్యడం అతని పని. తోడేవాడు తన తాళం తానే వేసుకోవాలి, తానే తీసుకోవాలి. అతను కింద ఉన్నంతసేపూ ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా బెల్టు కదలడానికి లేదు.

మనిషి పొడుగు, సన్నం. ఏళ్ల తరబడి వంగీ వంగీ నడుము ఇక నిటారుగా నిలవడం లేదు. కనుబొమల మీద తెల్లటి పొడి. ఎంత నెరిసిందో, ఎంత దుమ్మో కడిగితే గానీ తెలియదు. ఎడమ బొటనవేలి గోరు నల్లబడి చచ్చిపోయింది. మాట బహు పొదుపు. "శాంతయ్య నోరు తెరిచాడంటే ఇయ్యాల జగ్గయ్యపేటలో వానే" అంటుంటాడు సూపర్‌వైజరు బుల్లిబాబు.

తోడడం అయి, తాళం తీసి ఇవతలికి వచ్చేసరికి బుల్లిబాబు జీపు దిగుతున్నాడు. వెంట లాప్‌టాప్ సంచితో కొత్త ఇంజనీరు రాజ్‌కిరణ్.

"శాంతయ్యా, నిచ్చెన తీసుకురా. స్తంభం మీద వైఫై డబ్బా ఉందే, దానికి సారు పాస్‌వర్డు పెడతారంట. ఇంక పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ దూరడానికి లేదు."

శాంతయ్య చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో ఫోనుంది.

క్వారీ గోతిలోకి సెల్లు సిగ్నలు దిగదు. యంత్రాలకూ ఆఫీసు కంప్యూటరుకూ కబుర్లు మోయడానికి పెట్టిన ఆ వైఫై ఒక్కటే అందుతుంది. పెట్టినవాళ్లు పాస్‌వర్డు పెట్టకుండా వదిలేసి పోయారు. ఒకరోజు అన్నం వేళ శాంతయ్య తెరమీద కనపడ్డ పేరు మీద వేలు పెడితే ఫోను కలిసిపోయింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం పూట నందిగామ పేటలోని తన ఇల్లు అతనికి కనిపిస్తోంది. ఇంట్లో మంచం, మంచం మీద జయమణి.

జయమణికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటా పోయింది. పెళ్లయిన నాటి నుంచి శాంతయ్య ప్రార్థన చెయ్యనిదే ఆమె ముద్ద ముట్టదు. పొలం గట్టు మీద కూర్చున్నా అంతే, పెళ్లి పందిట్లో కూర్చున్నా అంతే. మంచాన పడ్డాక ఆ పట్టు మరీ బిగిసింది. పక్కింటి రత్నమణి మిరపకాయల తొడిమలు తీసే పని ఆపి, చేతులు కడుక్కుని వచ్చి అన్నం పెట్టబోతే పళ్లు బిగించి మొహం గోడకు తిప్పుకునేది. సాయంత్రం అతనొచ్చేదాకా పస్తే. ఈ వైఫై దొరికాకే మళ్లీ మధ్యాహ్నం తినడం మొదలుపెట్టింది.

శాంతయ్య నిచ్చెన పట్టుకున్నాడు. రాజ్‌కిరణ్ పైకెక్కి పక్కున నవ్వాడు. దసరాకి ఆయుధపూజ చేసినవాళ్లు డబ్బా నిండా పసుపు పూసి కుంకుమ అద్దారు. డబ్బా నంబరు రాసున్న కాగితమూ ఆ పసుపు కిందే.

"దీనికి కూడానా పూజ?"

"మోటారుకి బొట్టు పెట్టి దీనికి పెట్టకపోతే అలగదా సార్!" అన్నాడు బుల్లిబాబు. వాళ్లిద్దరినీ వదిలేసి, జీపెక్కి వెళ్లిపోయాడు.

శాంతయ్య తువ్వాలు తడిపి అందించాడు. నంబరు చూసుకుని రాజ్‌కిరణ్ కిందికి దిగి, కేబిన్లో బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు.

"మీటకు మీ తాళం ఉందనుకోండి పెద్దాయనా. పైన రాళ్ల తొట్టి గేటు మాత్రం ఈ వైఫై మీదే తెరుచుకుంటుంది. మీరు కింద ఉండగా కంచె బయట నిలబడి ఎవడన్నా దీంట్లో దూరి గేటు తెరిస్తే?"

శాంతయ్య కిటికీలోంచి తొట్టి వైపు చూశాడు.

"ఇందులో మన యంత్రాలు కాక ఒక ఫోను కనపడుతోంది. ఎవరిదో తెలుసా?"

శాంతయ్య ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "నాదేనండి."

అన్నం వేళ అయింది. ఫోను మోగింది. శాంతయ్య తియ్యకుండా కుర్రాడి మొహం చూశాడు.

"తియ్యండి, పర్లేదు."

"ఏంది బాబాయ్ ఇంతసేపు?" రత్నమణి గొంతు కేబినంతా నిండింది. "మీ ఆవిడ గుడ్లురిమి చూస్తంది. కంచం ముందు నేను దొంగలాగా కూర్చున్నా!"

తెరమీద జయమణి మొహం వచ్చింది. శాంతయ్య హెల్మెట్ తీసి కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆమేన్ అన్న మాట ఒక్కటే బయటికి వినపడింది. జయమణి నోరు తెరిచింది. బాగున్న ఎడమచెయ్యి ఎత్తి, నువ్వూ తిను అన్నట్టు ఆడించింది. శాంతయ్య తన గిన్నె మూత తీశాడు.

రాజ్‌కిరణ్ బయటికి వెళ్లి, వాళ్లు తినేదాకా ఎండలో నిలబడ్డాడు.

తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. "మీ ఫోనొక్కటి లోపల ఉంచేస్తాను. పాస్‌వర్డు నేనే కొట్టిస్తా. ఎవరికీ చెప్పొద్దు."

శాంతయ్య ఫోను అందించబోయాడు. సగం దారిలో చెయ్యి ఆగింది.

తమ్ముడు మోజెస్ గుర్తొచ్చాడు. అది వేరే ఫ్యాక్టరీ, ఇదే పని, వయసులో ఉన్న రోజులు. మోజెస్ ఒకసారి తాళంచెవి పోగొట్టుకుని, వెతుక్కుంటూ ఎర్రటి ఎండలో తిరిగాడు. ఫోర్‌మన్ జాలిపడి రెండో చెవి చేయించి తన దగ్గర ఉంచుకున్నాడు. మంచివాడే. ఆ మంచివాడే ఒకరోజు మోజెస్ అన్నానికి వెళ్లాడనుకుని, తాళం తీసి మీట ఎత్తాడు.

"వద్దు బాబూ."

"ఒక్క ఫోనేగా, ఏమవుద్ది?"

"రెండో చెవి ఉండగూడదండి. నా తమ్ముడు అట్టానే పోయాడు."

రాజ్‌కిరణ్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. పొడుగాటి పాస్‌వర్డు కొట్టాడు. యంత్రాల నంబర్లు మాత్రం లోపల ఉంచి, మిగతా అన్నిటికీ దారి మూసేశాడు. బల్ల మీద ఫోన్లో వైఫై గుర్తు కాసేపు కొట్టుకుని పోయింది. శాంతయ్య ఫోను జేబులో వేసుకుని, మీట దించి, తాళం వేసి మళ్లీ బెల్టు కిందకు వెళ్లాడు.

సాయంత్రం బుల్లిబాబు వచ్చేసరికి పార కడిగి గోడకు ఆనించి ఉంది.

"రేపట్నుంచి రానండి."

బుల్లిబాబు వాన మాట అనబోయి, అతని మొహం చూసి మానేశాడు. "ఇంటికాడ ఏం చేస్తావయ్యా?"

"రత్నమణితో కూర్చుని తొడిమలు తీస్తా. మధ్యాన్నం ఇంట్లో ఉండొచ్చు."

"ఫోను సంగతి సారు చెప్పారు. ఫ్యాక్టరీ మెయిన్ గేటు కాడ సిగ్నలుంటది. నిన్ను అక్కడెయ్యమని అడగనా?"

శాంతయ్య ఖాళీ గిన్నె సంచిలో వేసుకున్నాడు. "ఫోన్లో ముద్ద పెట్టలేంగా" అన్నాడు.

సంచి భుజాన తగిలించుకుని, హైవే మీద నందిగామ బస్సు అందుకోవడానికి క్వారీ వాలు ఎక్కి వెళ్లిపోయాడు. మెడలో దారానికి శిలువ ఒక్కటే ఊగుతోంది.

కేబిన్లో గోడ మేకుకు తాళం వేలాడుతోంది. చెవి దానికే ఉంది.