వేలికి చుట్టిన నీలం టేపు

బేకరీలో అందరూ ఆమెను బొద్దక్క అనే పిలుస్తారు. పది నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గినా ఆ పేరు మాత్రం గ్రాము కూడా తగ్గలేదు. తూకం మిషన్ మనిషి మాట వింటుంది గానీ జనం నోళ్ళు వింటాయా?

ఆ సోమవారం పొద్దున పదీ ఇరవైకి ఆమె చేతులు కడుక్కోబోతూ వేలి వైపు చూసుకుంది. నీలం టేపు సగం ఊడి వేలాడుతోంది. దాని కింద ఉండాల్సిన పెళ్ళి ఉంగరం లేదు. వేలి చుట్టూ తెల్లటి గాడి ఒకటి మిగిలింది, అంతే.

బొద్దక్క యజమానురాలిని కేకేసింది.

పిండి పిసికేవాళ్ళెవరూ ఒంటిమీద నగ ఉంచుకోకూడదన్నది ఆ బేకరీలో మొదటి రూలు. కానీ ఆమె ఉంగరం వస్తేగా! పనిలో చేరిన కొత్తలో నూనె రాశారు, సబ్బు రాశారు, దారం చుట్టి లాగారు. చివరికి యజమానురాలే స్వయంగా లాగి లాగి చేతులెత్తేసింది. "వేలైనా తెగాలి, ఉంగరమైనా తెగాలి. టేపు చుట్టుకో పో" అంది. నీలం టేపే ఎందుకంటే, తినే సరుకులో నీలంరంగుది ఏదీ ఉండదు, పిండిలో పడితే ఇట్టే కనబడుతుంది. అప్పట్నుంచి రోజూ పొద్దున బట్టలు మార్చుకునే గదిలో, ఎవరితోనో కబుర్లాడుతూ, ఒక చేత్తో టేపు చుట్టేసుకోవడం ఆమెకు చెప్పులేసుకున్నంత అలవాటైపోయింది.

ఇప్పుడు టేపుంది, ఉంగరం లేదు. పొద్దుట్నుంచి ఆమె చేతులమీదుగా మూడొందల బన్నులు పోయాయి. అవన్నీ పదింటికే వ్యానెక్కాయి. పిల్లల బడికి, మధ్యాహ్నం భోజనానికి.

"టేపు చుట్టేటప్పుడు ఉందా?" యజమానురాలి మొహం పాలిపోయింది.

"ఉందమ్మగారూ. ఒట్టు. లేకపోతే టేపెందుకు చుట్టుకుంటాను?"

"అంటే పిండిలోనే పడిందన్నమాట. ఏ పిల్లాడో మింగితే? గొంతులో అడ్డం పడితే? ముందు మీ ఆయనకు ఫోన్ కొట్టు!"

ఆ వ్యాను నడిపేది బొద్దక్క మొగుడే. బండి స్టార్టు చేస్తే ఫోను డాష్‌బోర్డు అరలో పెట్టి తాళం వేసేసే మనిషి. ఆ పద్ధతిని పదిమందిలో పొగిడిన బొద్దక్కే ఇప్పుడు పళ్ళు నూరుకుంది. బడికి చేస్తే అక్కడా ఎవరూ ఎత్తలేదు. రోడ్డు తవ్వి పోశారు, ఏ బండెక్కినా గంట పడుతుంది. వ్యానుకు మధ్యలో రెండు షాపులున్నాయి. బడి చేరేసరికి పదకొండు కావస్తుంది.

"పార్కు మధ్యలోంచి పోతే బడి వెనక గేటు వస్తుంది" అంది బొద్దక్క. యజమానురాలు జవాబు చెప్పేలోపే వంటినిండా పిండితో, ఏప్రన్‌తో వీధిలోకి ఉరికింది.

ఆ పార్కు ఆమెకు కొట్టినపిండి. కిందటేడాది ఒకరోజు కళ్ళు తిరిగి పడబోతే డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు. షుగరు అంచుదాకా వచ్చిందన్నాడు. "మందులు ఇప్పుడే వద్దు. తిండి, నడక సరిచేసుకో. గబగబా తగ్గాలని కడుపు మాడ్చుకోకు. నెలకు కిలో, కిలోన్నర చాలు" అన్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. విరిగిన కేకుముక్కలు నోట్లో వేసుకోవడం మానేసింది. కంచంలో సగం కూరగాయలే. రాత్రి తిండి ఏడింటికల్లా అయిపోవాలి. సాయంత్రం పార్కులో నలభై నిమిషాల నడక. మొదటిరోజు ఒక్క చుట్టు కూడా పూర్తికాకుండానే బెంచీమీద కూలబడి, దాహం దాహం అంటూ ఎవరి సీసానో అడిగి తాగింది. బెంచీ అక్కడే ఉంది. ఇవాళ దాని వైపు చూడను కూడా చూడలేదు.

మొగుడికి ఆ పరీక్ష సంగతి చెప్పలేదు. జలుబు చేస్తేనే వీలునామా గురించి మాట్లాడే రకం ఆయన. "ఒళ్ళు తగ్గాలనుకుంటున్నా" అని ఊరుకుంది. మీరూ రండి అని మూడుసార్లు పిలిచింది. "స్టీరింగు తిప్పడమే నాకు వ్యాయామం" అని పొట్ట నిమురుకుని నవ్వేశాడు.

వెనక గేటు దాటేసరికి ఊపిరి ఎగిరెగిరి పడుతోంది. వంటగది ముందు వ్యాను ఆగి ఉంది. ఆయన మొదటి ట్రే దింపుతున్నాడు.

"ఆపండి! ఎవరూ ముట్టుకోకండి!"

ఆయన నోరు తెరుచుకుని చూశాడు. "నువ్వా? ఎలా వచ్చావ్?"

"పరిగెత్తి! ఆ ఫోను ఎత్తితే ఏం పోయింది మీకు? నా ఉంగరం బన్నుల్లో పడిపోయింది. పిల్లలు తింటే ఇంకేమైనా ఉందా? అన్నీ విరిచి చూడాలి, పట్టండి!"

ఆయన కదల్లేదు. ట్రే కింద పెట్టి చొక్కా జేబులోంచి కాగితం పొట్లం ఒకటి తీశాడు. మడత విప్పాడు. అందులో ఉంది ఉంగరం.

"బన్నుల్లో లేదు" అన్నాడు.

పిల్లల గండం తప్పిందన్న సంతోషం కూడా రాలేదు ఆమెకు.

"ఇది మీ దగ్గర..."

"శనివారం సాయంత్రం. సబ్బుపెట్టె పక్కన తీసి పెట్టావుగా."

తీసి పెట్టిందా! శనివారం నడిచొచ్చి, గబగబా సబ్బు రుద్దుకుని, నురుగు కడిగేసుకోవడం గుర్తొచ్చింది. ఉంగరం జారింది అప్పుడే. ఆదివారమంతా చూసుకోలేదు. ఇవాళ పొద్దున్నే వట్టి వేలికి టేపు చుట్టుకుని, పైగా ఒట్టు కూడా వేసింది. తన అలవాటు తననే ఇంత మోసం చేసిందా అని బుర్ర గిర్రున తిరిగింది.

ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. "రెండ్రోజులు జేబులో పెట్టుకుని నోరు మెదపరా? చచ్చీ చెడీ పరిగెత్తుకొచ్చా ఇక్కడ!"

"నువ్వే చెబుతావని చూశా."

"ఏం చెప్పాలి?"

ఆయన నేల చూపులు చూశాడు. "పదిహేడేళ్ళు రాని ఉంగరం ఊరికే తీస్తావా? సన్నబడ్డావు. కొత్త బట్టలు కుట్టించుకున్నావు. ఏడింటికే ఒక్కదానివే తినేస్తావు. సాయంత్రమైతే నడకంటూ ఇంట్లో ఉండవు. నేనేమో ఇదిగో, ఇలాగే ఉండిపోయా." పొట్లం మళ్ళీ మడిచాడు. "ఎప్పుడెళ్తావో చెబితే సామాను బండిలో నేనే దింపుదామనుకున్నా."

నిన్నంతా ఆయన కంచం ముందు కూర్చుని లేచిపోతే, కడుపు బాగాలేదేమోనని నిమ్మరసం కలిపిచ్చింది తను. పది నెలలు తన కిలోలు తను లెక్కపెట్టుకుంటూ పక్కమనిషి మొహం చూడలేదు. సిగ్గూ ఏడుపూ కలిసొచ్చాయి.

"చక్కెర జబ్బు వచ్చేలా ఉందన్నాడు డాక్టరు" అంది. "మీరు బెంబేలెత్తిపోతారని దాచాను. మీతో ఇంకో ముప్ఫయ్యేళ్ళు ఉందామని తిరిగానయ్యా ఆ పార్కు చుట్టూ! సామాను దింపుతారట, సామాను!"

ఆయన ట్రే పక్కనే మెట్టుమీద చతికిలబడ్డాడు. చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. "షుగరా?" అన్నాడు. ఆయన భయం ఇంత గోలలోనూ ఠంచనుగా వచ్చేసింది.

"ఇప్పుడు లేదు. మొన్న పరీక్షలో అంతా మామూలుగా ఉంది. ఏడవకండి, పిల్లలు చూస్తారు."

వ్యానులో ఫోను మోగింది. బొద్దక్కే తాళం తీసి ఎత్తింది. "దొరికిందమ్మగారూ. బన్నుల్లో కాదు, మా ఆయన జేబులో... లేదండీ, వట్టి వేలికే చుట్టాను." అవతల్నుంచి వచ్చిన తిట్లన్నీ ఆమె చెవి ఒగ్గి వింది, అవన్నీ తనకు తగినవే. రేపట్నుంచి ఉంగరం ఇంట్లోనే వదిలి రావాలని, టేపు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని చెప్పి యజమానురాలు ఫోను పెట్టేసింది.

ఆయన ఉంగరం ఆమె వేలికి తొడగబోయాడు. అది సర్రున దిగి, చెయ్యి కిందికి వంచగానే జారి ఆయన అరచేతిలోనే పడింది. ఆమె దాన్ని మళ్ళీ కాగితంలో చుట్టి, ఆయన జేబులో వేసి గుండీ పెట్టింది.

"సాయంత్రం ఐదింటికి నాతో వస్తున్నారు" అంది.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "మొదటిరోజు ఎంత దూరం నడవాలి?"

"ఒక్క చుట్టే. మధ్యలో బెంచీ ఉందిలెండి."