పెద్ద ఐలీ ఇంట్లో ఫైలు

గురువారం పొద్దున పది గంటలకు యూనివర్సిటీలోని తన గదిలో ఐలీ రువోనా లాప్‌టాప్ తెరిచి చూస్తే గబ్బిలాల ఫైలు కనిపించలేదు. నిన్న ఇదే బల్ల ముందు, ఇదే కుర్చీలో కూర్చుని ఆ ఫైలు తెరిచింది. తెర మీద గబ్బిలాల పిలుపుల్లాంటి మూడు గీతలు కళ్ళారా చూసి, గదిలో ఎవరూ లేకపోయినా పైకే నవ్వింది. ఇవాళ చూస్తే ఫోల్డర్ ఖాళీ. మూసి మళ్ళీ తెరిచింది. అప్పుడూ ఖాళీయే.

సాయంత్రం నాలుగింటిలోగా ఆ ఫైలు గనుల కంపెనీకి చేరాలి. చేరకపోతే సోమవారం బుల్డోజర్ వచ్చి నాలుగో నంబరు రాగి గని మూతిని మట్టితో పూడ్చేస్తుంది. లోపల గబ్బిలాలున్నాయని రుజువు చూపిస్తే పూడ్చరు, మూతికి ఇనప కమ్మీల తలుపు పెడతారు. మనుషులు పడరు, గబ్బిలాలు వాటి దారిన అవి వచ్చిపోతుంటాయి. ముక్కు మీద తెల్లబూజు పట్టే జబ్బు వచ్చి ఆ చుట్టుపక్కల గనుల్లో గబ్బిలాలు వేలకు వేలు చచ్చిపోయాయి. నాలుగో నంబరులో ఆరేళ్ళుగా ఒక్కటి కూడా లేదని అందరూ ఖాయం చేసేసుకున్నారు. మంగళవారం సాయంత్రం మంచులో ఆ మూతి దగ్గర నిలబడి, మనిషి చెవికి అందని చప్పుళ్ళు పట్టే రికార్డర్‌ను గాలిలోకి ఎత్తి పట్టుకున్నది ఐలీ ఒక్కతే.

రికార్డర్‌లో ఉంటుంది కదా అనుకుంటారేమో, ఉండదు. విభాగంలో నలుగురికి కలిపి ఒకటే రికార్డర్. ఫైలును లాప్‌టాప్‌లోకి ఎక్కించగానే కార్డు తుడిచి, పుస్తకంలో సంతకం పెట్టి, అల్మారాలో సర్దాలని రూలు. ఐలీ రూలు తప్పే మనిషి కాదు. బుధవారమే తుడిచింది, సంతకమూ పెట్టింది.

తంటా అంతా సెప్టెంబరులో వచ్చిన కొత్త ఏర్పాటుతో మొదలైంది. లాప్‌టాప్ యూనివర్సిటీది. ఇదివరకు అందులో చిన్న ప్రోగ్రాం పెట్టుకోవాలన్నా కంప్యూటర్ల విభాగాన్ని బతిమాలాలి. వాళ్ళు వచ్చేసరికి మంచు కరిగి మళ్ళీ కురిసేది. పరిశోధకులు గోల పెట్టగా పెట్టగా చివరికి వాళ్ళకో బటన్ ఇచ్చారు. దాన్ని నొక్కి, ఎందుకు కావాలో గడిలో రాస్తే, రెండు గంటలపాటు నీ లాప్‌టాప్‌కి నువ్వే అడ్మినిస్ట్రేటర్‌వి, పెత్తనమంతా నీదే. ఆ రెండు గంటలకూ నీకు రెండో పేరొకటి ఇస్తారు. ఐలీ దానికి పెద్ద ఐలీ అని పేరు పెట్టుకుంది. గంటలు గడవగానే పెద్ద ఐలీ మాయమై, పాత చిన్న ఐలీ మిగులుతుంది. హక్కులు ఇచ్చినందుకు అందరూ సంతోషించారు. వాటిని ఎలా వాడాలో మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు, అడిగితే తెలియదని తెలిసిపోతుంది కనుక.

ఐలీ పొద్దుటి నుంచి నాలుగుసార్లు బటన్ నొక్కింది. నాలుగుసార్లూ వెతికింది. ఫైలు లేదు. పదకొండున్నరకు ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది. నిన్న నిజంగానే చూశానా, లేక చూడాలని ఆశపడి చూశాననుకున్నానా అని. యాభై రెండేళ్ళ మనిషికి అలాంటి అనుమానం రావడం మంచిది కాదు. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కంప్యూటర్ల విభాగానికి పరుగెత్తింది.

మర్నాటి నుంచి జింకల వేట మొదలు, అందరూ సెలవు పెట్టి అడవిదారి పట్టారు. భవనం మొత్తం ఖాళీ అయిపోయింది, సగం గదుల తలుపుల మీద మళ్ళీ వారం కలుద్దామని కాగితాలు అంటించి ఉన్నాయి. రోలాండ్ బోషాం ఒక్కడే వేటకు వేసుకునే నారింజరంగు కోటు తొడుక్కుని, భుజాన సంచీతో తాళం వేయబోతున్నాడు. విభాగంలో ఇరవై ఏడేళ్ళ నుంచి ఉన్న మనిషి.

"ఐదు నిమిషాలే ఐలీ. ట్రక్కు ఇంజిన్ ఆపకుండా వచ్చా."

"నా ఫైలు పోయింది."

"ఫైళ్ళు పోవు. ఎక్కడో పెట్టుంటావ్."

"నేనెక్కడ పెట్టానో నాకు తెలీదా?"

"నువ్వు పెట్టావని ఎవరన్నారు?"

రోలాండ్ సంచీ దించి, తన కంప్యూటరులో ఎవరెప్పుడు బటన్ నొక్కారో ఉన్న జాబితా తెరిచి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని చదవడం మొదలుపెట్టాడు.

"బుధవారం, పదీ పద్నాలుగు. కారణం: గబ్బిలాల ప్రోగ్రాం మొండికేసింది, దానికేం రోగమో దేవుడికే తెలియాలి."

ఐలీ ముఖం ఎర్రబడింది. "అవి నువ్వు చదువుతావా?"

"ప్రతి సోమవారం. మిగతావాళ్ళు 'పని' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నీవే బావుంటాయి. మీ అత్తగారి మీద రాసింది మా ఆవిడక్కూడా చదివి వినిపించా."

"అది ఎవరూ చదవరనుకుని రాశా రోలాండ్."

"తెలుస్తూనే ఉందిలే. సరే విను. ప్రోగ్రాం మామూలుగా తెరుచుకోలేదు, నువ్వు బటన్ నొక్కి పెద్ద పేరుతో తెరిచావ్. అవునా?"

"తెరిచింది నేనేగా."

"కాదు. మిషన్ లెక్కలో నువ్విద్దరు. ప్రోగ్రాం తెరిచింది పెద్దావిడ. ఫైలెక్కడ దాచాలని అది అడిగితే, 'ఇంట్లో పెట్టు' అన్నావ్, అంటే సొంత ఫోల్డర్లో. తీసుకెళ్ళి పెద్దావిడ ఇంట్లో పెట్టింది. నువ్వేమో పొద్దుట్నుంచీ చిన్నావిడ ఇల్లంతా ఊడ్చి చూస్తున్నావ్."

"పెద్దావిడ కూడా నేనే కదా."

"రెండు గంటలపాటు."

"మరిప్పుడు నేనెవర్ని?"

"చిన్నావిడవి. నీకు ఆవిడ గడప తొక్కే హక్కు లేదు."

ఐలీ కణతలు నొక్కుకుంది. తన ఫైలు తన లాప్‌టాప్‌లో తన దగ్గరే ఉంది, కానీ అది తనది కాదు. ఈ మాటను ఎటు నుంచి పట్టుకున్నా చేతికి చిక్కడం లేదు.

"అయితే నువ్వు తీసివ్వు. నీకన్నీ వచ్చుగా."

"నా హక్కులు సెప్టెంబర్‌లోనే పోయాయమ్మా. పెత్తనమంతా మీకిచ్చేసి మేం చేతులు దులుపుకున్నాం. నువ్వే పెద్దావిడవై తియ్యాలి."

"నాలుగుసార్లు అయ్యాను."

"అయ్యి?"

"వెతికా."

"వెతికిందెవరు? బటన్ నొక్కినంత మాత్రాన నువ్వు పెద్దావిడవి అయిపోవు. ఏది తెరిస్తే దాన్ని ఆవిడ పేరుతో తెరవాలి. వెతికే డబ్బాని నువ్వు చిన్నావిడగానే తెరిచుంటావ్. ఇదే తప్పు ఈ నెల్లో తొమ్మిదిమంది చేశారు. ఒకాయన ప్రొఫెసర్, ఇలా చెప్పగానే నన్ను తిట్టాడు కూడా."

రోలాండ్ నిలబడే చూపించాడు, ఐలీ అతను చెప్పినట్టే నొక్కింది. కారణం అడిగే గడి వచ్చినప్పుడు ఆమె వేళ్ళు ఆగాయి. చదివే మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. 'నా దగ్గరున్నది నాకు కావాలి' అని రాసింది. రోలాండ్ గొంతులో నవ్వు దాచుకున్నాడు.

ఫైలు అక్కడే ఉంది. బుధవారం, పది గంటల నలభై నిమిషాలు. ఐలీ బల్ల అంచు పట్టుకుని ఊపిరి వదిలింది. రోలాండ్ సంచీలోంచి కాగితంలో చుట్టిన, మాంసం కూరి కాల్చిన పాస్టీ తీసి, సగం విరిచి ఆమె ముందు పెట్టి, "తిను, పాలిపోయావ్," అని వెళ్ళిపోయాడు.

ఒంటిగంటన్నరకు తన గదిలో తలుపు వేసుకుని, ఐలీ మళ్ళీ బటన్ నొక్కి, పెద్ద ఐలీగా ఫైలు తెరిచి, ఆ మూడు గీతలను పెద్దవి చేసి చూసింది. నిన్న సంతోషంలో పైపైన చూసి వదిలేసిందే తప్ప ఇలా పెద్దవి చేయలేదు. గబ్బిలం పిలుపు గాలం ముల్లులా పైనుంచి వంపు తిరిగి దిగుతుంది. మొదటిది అలా లేదు, సిరా ఒలికినట్టు అలుక్కుపోయి ఉంది. రెండోదీ అంతే. ఆ పనిలో ఉన్నవాళ్ళెవరైనా చూడగానే పోల్చుకునే మరక అది. మంగళవారం చలికి చెయ్యి జేబులో పెట్టుకున్నప్పుడు అందులో ట్రక్కు తాళాలు గలగలలాడాయి. మనిషి చెవికి గలగల ఒకటే వినిపిస్తుంది, రికార్డర్‌కు అందులోని మన చెవికందని కీచు చప్పుడు కూడా వినిపిస్తుంది. కొత్తవాళ్ళకు ఆమె మొదటి రోజు చెప్పే మొదటి మాట, తాళాలు బండిలో వదిలి రమ్మని.

మూడోది ఏమిటో అర్థం కాలేదు. కాస్త వంపుంది, కాస్త మరక ఉంది. దగ్గరగా చూస్తే గబ్బిలం. కుర్చీ వెనక్కి లాక్కుని చూస్తే తాళాలు. లేచి నీళ్ళు తాగొచ్చి చూస్తే ఏదీ కాదు.

పెద్ద ఐలీగా తెరిచినందుకు ప్రోగ్రాంలో ఒక కొత్త వరుస కనిపిస్తోంది. ముక్క కత్తిరించు, చెరిపెయ్యి, తేదీ మార్చు. చిన్న ఐలీకి ఎప్పుడూ బూడిదరంగులో పడి ఉండే మాటలు ఇప్పుడు నల్లగా మెరుస్తున్నాయి. ముందు రెండు గీతలు కత్తిరించేస్తే మూడోదాన్ని ఎవరూ తాళాలతో పోల్చి చూడరు. గని బతుకుతుంది, లోపల గబ్బిలాలుంటే అవీ బతుకుతాయి. అడ్డు చెప్పేవాళ్ళు లేరు, హక్కు ఆమెకే ఇచ్చారు. ఇచ్చినవాళ్ళ మీద ఐలీకి మొదటిసారి కోపం వచ్చింది. ఇదివరకైతే బతిమాలినా కుదరదనేవారు, ఆ మాట ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. కోపం వెనకే ఏడుపొచ్చింది.

మూడూ పది దాకా ఆమె చెయ్యి 'ముక్క కత్తిరించు' మీదే ఉంది. తర్వాత చెయ్యి తీసేసి, మూడు గీతలూ ఉన్నవి ఉన్నట్టుగా పంపింది. జతచేయాల్సిన కంపెనీ దరఖాస్తులో రెండు గళ్ళున్నాయి, గబ్బిలాలు ఉన్నాయి అని ఒకటి, లేవు అని ఒకటి. రెండిట్లోనూ గుర్తు పెట్టకుండా కింద రాసింది. 'మొదటి రెండూ నా తాళాలు. మూడోది ఏమిటో నాకు తెలియదు.' సంతకం పెట్టింది.

నాలుగుకు పది నిమిషాల ముందు ఫోను మోగింది. కంపెనీలో భద్రత చూసే గెరాల్డ్ స్టెన్‌ఫోర్స్.

"డాక్టర్ రువోనా, రెండు గళ్ళున్నాయి. ఒకదాంట్లో టిక్ పెట్టాలి."

"పెట్టలేనండి."

"ఉన్నాయని పెట్టలేకపోతే, లేవనే కదా అర్థం?"

"కాదు. లేవని కూడా నాకు తెలీదు."

"చదువుకున్నవాళ్ళు మీరు. మీకే తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"వసంతంలో గబ్బిలాలు బయటికొచ్చే దాకా వింటే తెలుస్తుందేమో. తెలీకపోనూ వచ్చు."

"ఆ రెండూ తాళాలని మీరెందుకు రాశారు? రాయకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకు తెలుస్తుంది కదండీ."

స్టెన్‌ఫోర్స్ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు అది భద్రత అధికారి గొంతులా లేదు.

"పోయినేడు ఇదే రోజుల్లో మా కుక్క ఆ గనిలో పడిందండి. పెప్పి దాని పేరు. రెండ్రోజులు ఆ మూతి దగ్గరే కూర్చున్నా. మూడోరోజు లోపల్నించి ఏదో వినపడ్డట్టయింది. గాలి అన్నారు అందరూ. నేనూ గాలేననుకుని ఇంటికొచ్చేశా. అందుకే పూడ్చేద్దామనుకున్నా. ఇంకెవరికీ అలా జరక్కుండా ఉంటుందని."

ఐలీ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకుంది.

"అది గాలి అవునో కాదో నాకూ తెలీదు, డాక్టర్ రువోనా. తెలీదన్న ఆ మాట ఆరోజు పైకి అని ఉంటే, తాడేసుకుని ఎవరో ఒకరం దిగేవాళ్ళం." కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది. "బుల్డోజర్ని ఆపమంటా. వసంతం దాకా చుట్టూ కంచె వేయిస్తా. మీరు వినండి. ఏం వినపడినా నాకు చెప్పండి, అదేంటో మీకు తెలీకపోయినా సరే."

ఐలీ అలాగేనంది.