తలుపు లేని శిశువిహార

మా ఊరి శిశువిహారకు చాలా ఏండ్లు తలుపు లేదు. గోడలున్నాయి, పెంకుల కప్పు ఉంది, గడప కూడా ఉంది. తలుపు మాత్రం లేదు. బట్లహళ్ళి వైపు నుంచి మా ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్ళు చూసి, దొంగలెవరైనా ఎత్తుకుపోయారా అని అడిగేవాళ్ళు. దొంగలు కాదండీ, మా అవ్వ ఎత్తుకుపోయింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా. నేను అప్పటికి పుట్టలేదు. మా అమ్మ, మా అవ్వ చెప్పగా విన్నాను. ఆ అత్తాకోడళ్ళిద్దరూ ఒకే రకంగా చెప్పిన సంగతి వాళ్ళ జన్మలో ఇదొక్కటే, కాబట్టి నమ్మొచ్చు.

అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. చింతామణి తాలూకాలో అక్కడక్కడా శిశువిహారలు పెడుతున్న కాలం. చిన్నపిల్లలను పొద్దున వదిలితే సాయంత్రం దాకా చూసుకుంటారు. మాది కన్నడ సీమ కాబట్టి కన్నడ పాటలు నేర్పుతారు, మధ్యాహ్నం పాలపొడి కలిపిన పాలు పోస్తారు, తర్వాత తలుపు మూసి పడుకోబెడతారు. మా ఊరికి దాన్ని తెప్పించింది పంచాయతీ ఛేర్మన్ పిళ్ళప్ప. అందులో టీచరమ్మ ఆయన చెల్లెలు సుబ్బలక్ష్మమ్మ. ఉతికిన చీర, నున్నగా దువ్విన తల, మెల్లగా మాట్లాడే మనిషి. ఆమె గొంతు పెంచగా ఊళ్ళో ఎవరూ వినలేదు. శిశువిహార నుంచి మధ్యాహ్నం పూట చిన్న ఏడుపు కూడా వినపడదని, ఎంత బాగా చూసుకుంటుందో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

మా అమ్మ అక్కయమ్మకు ఆ శిశువిహార పెద్ద ఆసరా. అంతకు ముందు చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలో కలుపు తీయాలంటే మా అక్క రత్నిని గట్టు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను కలుపు మీద, ఒక కన్ను పిల్ల మీద పెట్టాల్సి వచ్చేది. రత్నికి అప్పుడు నాలుగేండ్లు. అసలు పేరు మునిరత్నమ్మ.

ఒకరోజు అక్కకు నీళ్ళు పోస్తుంటే కాలి పిక్క మీద కాలిన మచ్చ కనిపించింది అమ్మకు. శనగ గింజంత, గుండ్రంగా.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. పిల్లలు జడుసుకున్నా, నిద్రలో ఉలిక్కిపడినా, పసుపు కొమ్ము కాల్చి వాత పెట్టేవాళ్ళు. పెట్టేది ముసలివాళ్ళు. తల్లి ఓర్చుకోలేదని, తల్లి ఇంట్లో లేనప్పుడు చూసి పెట్టేవాళ్ళు. పెట్టినట్టు ఎవరికీ చెప్పరు. చెప్తే గుణం పోతుందట. అడగడం కూడా తప్పేనట.

కాబట్టి అమ్మ అడగలేదు. ఇది అత్త పనే అనుకుని పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. మా అవ్వ లక్ష్మీదేవమ్మ కూడా ఆ మచ్చ చూసింది. కోడలు బాగేపల్లిలో పుట్టింటికి పోయి పెట్టించుకొచ్చిందని అనుకుంది. అవ్వకు రోషం. ఊళ్ళో సగం మంది పిల్లలకు వాతలు పెట్టిన చెయ్యి ఇంట్లో ఉండగా బాగేపల్లి దాకా పోవాలా అని. ఆమె కూడా అడగలేదు.

ఈలోగా అక్క పక్క తడపడం మొదలుపెట్టింది. పొద్దున శిశువిహార అంటే చాలు, పంచలో గుంజను చుట్టుకుని వదిలేది కాదు. జడుపు ఇంకా పోలేదన్నారు అందరూ. ఒక శుక్రవారం సాయంత్రం అమ్మ చూసేసరికి రెండో కాలికి కూడా మచ్చ. ఇంకా పచ్చిగా ఉంది.

అమ్మ ఆగలేకపోయింది.

"అత్తా, ఒకటి పెట్టినావు, ఊరుకుంటి. రెండోది ఏల పెట్టినావు? పిల్ల కాలు అనుకున్నావా, కట్టెపుల్ల అనుకున్నావా?"

దీపం ఒత్తి సరిచేస్తున్న అవ్వ గిర్రున తిరిగింది. "నేను పెట్టినానా? నీ తల్లిగారింటికి పోయి పెట్టించుకొస్తివి, చూసీ చూడనట్ల ఉంటిని. ఇప్పుడు నాపైన వేస్తాండావా?"

"మా అమ్మా? అగ్గిపుల్ల గీయాలంటేనే ఆయమ్మ చెయ్యి వణుకుతాది!"

"అయితే గాల్లో వచ్చి పడినాయా ఆ మచ్చలు?"

"నువ్వే చెప్పాల!"

"చెప్తా. దేవుని ముందర చెప్తా. అగరబత్తి ముట్టించి ప్రమాణం చేస్తా. నా తరవాత నువ్వు చెయ్యి. ఎవురు అబద్ధం చెప్తే వాళ్ళ నాలిక పడిపోనీ!"

అవ్వ విసురుగా అగరబత్తి వెలిగించి, ఊది మంట ఆర్పింది. ఎర్రటి కొన మిగిలింది. పటం ముందు నిలబడి నోరు తెరవబోతూ ఏదో అలికిడికి వెనక్కి చూసింది.

రత్ని నేల మీద పడుకుని ఉంది. కాళ్ళు రెండూ పావడాలోకి ముడుచుకుంది. కండ్లు గట్టిగా మూసుకుంది. "నేను నిద్దరపోయినా టీచరమ్మా" అంటోంది. "నిద్దరపోయినా. నిద్దరపోయినా."

అవ్వ చేతిలో అగరబత్తి అట్లాగే కాలుతోంది. అమ్మ దాన్ని లాగి నీళ్ళ చెంబులో ముంచింది. ప్రమాణాలు ఇద్దరూ మరిచిపోయారు.

చేను నుంచి వచ్చిన మా నాయన మునినారాయణకు చెప్పారు. ఆయన తుండుగుడ్డ భుజం మీదనుంచి తీసి, మళ్ళీ వేసుకుని, "మన చేనికి నీళ్ళొచ్చేది పిళ్ళప్ప బావిలోనుంచే" అన్నాడు.

"నీకు నీళ్ళు కావాలనా, బిడ్డ కావాలనా?" అంది అమ్మ.

"రెండూ కావాల."

"రెండూ ఇచ్చేటట్లుంటే నిన్ను అడుగుతానా?"

నాయన రత్ని కాళ్ళ వైపు చూశాడు. ఆ పిల్ల కాళ్ళు ఇంకా పావడాలోనుంచి బయటికి తీయలేదు. "సరే, పదండి" అన్నాడు.

పిళ్ళప్ప తన ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ళ మాట పూర్తిగా విన్నాడు. కోపపడలేదు. నవ్వాడు.

"అక్కా, లక్ష్మీదేవక్కా. వాత లేని బిడ్డ మన ఊర్లో యాడుండాది చెప్పు? పెట్టేది మీరు, చెప్పేది మా చెల్లెలి మీదనా? సర్కారోళ్ళకి తెలిసిందనుకో, శిశువిహార ఎత్తి ఇంకో ఊరికి ఇస్తారు. పాలు పోతాయి. అప్పుడు నిన్ను తిట్టేది నేను కాదు, ఊర్లో ఆడోళ్ళే."

"బిడ్డ చెప్తాండాది కదన్నా" అంది అమ్మ.

"నాలుగేండ్ల బిడ్డ మాట పట్టుకొని పంచాయితీ చేస్తారామ్మా? ఏమప్పా మునినారాయణా, నువ్వైనా చెప్పకూడదా? బావి కాడ కలుస్తాం కదా దినామూ."

ఆ ఆఖరి మాట ఎందుకన్నాడో అందరికీ తెలుసు. నాయన మాత్రం కదల్లేదు. అవ్వే ముందు లేచింది. ఇంటికి వచ్చాక గడప మీద కూలబడి, "వాడు చెప్పింది నిజమేనే అక్కయమ్మా" అంది. "వాత లేని బిడ్డ యాడుండాది? ఆ పాపిష్టిది నా వాతల చాటున దాక్కోనుండాది."

మర్నాడు శనివారం. శిశువిహార దగ్గర తల్లులకు పాలపొడి పంచే రోజు. ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని వచ్చారు. కోడలు ఖాళీగా లేని ఇంట్లో అత్త వచ్చింది, కొన్ని ఇళ్ళనుంచి ఇద్దరూ వచ్చారు. లోపల సుబ్బలక్ష్మమ్మ డబ్బా తెరుస్తోంది. అవ్వ గిన్నె తేలేదు. వచ్చి గడప మీద నిలబడింది.

"అందురూ ఇనండి. నా చేత్తో మీ బిడ్డలకి ఎన్నో వాతలు పెట్టినా. చెప్పకూడదంటారు, ఈ దినం చెప్తాండా. నేను పెట్టిన వాత యాదైనా సరే, పొట్ట మీద పెట్టినా. పిక్కల మీద ఎవురికీ పెట్టలా. మీ బిడ్డల పిక్కలు చూడండి. మచ్చ ఉంటే, మీ ఇంట్లో ఎవురు పెట్టినారో ఇప్పుడే అడగండి."

ఆడవాళ్ళు చేతుల్లో గిన్నెలు సర్దుకున్నారు. అడగకూడనిది అడగమంటోంది మరి. పుట్టమ్మ అని మా వీధి ఆమె, కాస్త నోరున్న మనిషి, మనవణ్ణి దగ్గరికి లాక్కుని కాలు తిప్పి చూసింది.

"ఇది నువ్వు పెట్టలేదా అంజనమ్మా?" అని కోడలిని అడిగింది.

"నేనెందుకు పెడతానత్తా? నువ్వు పెట్టినావనుకున్నా."

"నేను నీ తల్లి పెట్టిందనుకుంటినే!"

ఇంకో మూల నుంచి ఇంకొకామె గొంతు. తర్వాత ఇంకొకామె. మా అత్త అనుకున్నా, మా వదిన అనుకున్నా, మా జేజి అనుకున్నా. గిన్నెలు కింద పెట్టేశారు. పిల్లలు కొందరు ఏం జరుగుతోందో తెలియక, టీచరమ్మను చూస్తూ నేల మీద పడుకోసాగారు. అది చూశాక ఆడవాళ్ళకు ఇక అడగాల్సింది మిగల్లేదు.

"బిడ్డలు అబద్ధాలు చెప్తారమ్మా" అంది సుబ్బలక్ష్మమ్మ. ఎప్పటిలాగే మెల్లగా.

"వాళ్ళు ఏమీ చెప్పలేదే" అంది మా అమ్మ. "పండుకున్నారు, అంతే. ఆ గోడకుండే దేవుని పటం కాడ అగరబత్తి ముట్టించు టీచరమ్మా, చూద్దాం."

సుబ్బలక్ష్మమ్మ చెయ్యి డబ్బా మీదనే ఉంది. "ఇంతమందిని ఒక్కదాన్ని ఎట్ల పండబెట్టేది?" అంది చివరికి. "ఒకటి రెండు తూర్లు తగిలిస్తే చాలు. ఆమీట ఊరికే చూపించినా పండుకుంటారు. మీరు మాత్రం కాల్చరా మీ బిడ్డల్ని?"

పుట్టమ్మ చెయ్యెత్తి ముందుకు ఉరికింది. అవ్వ అడ్డం పడింది. "కొట్టద్దు. కొడితే రేపు ఆ మాటే చెప్పుకుంటారు, ఈ మాట పోతాది." తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది. "అడిగినావు కదా, జవాబు చెప్తా. కాల్చినాం. మంచిదనుకొని కాల్చినాం. ఈ దినం నుంచి మా ఊర్లో ఏ ఆడది బిడ్డ ఒంటికి నిప్పు తాకించదు. ఇంక ఏ బిడ్డ ఒంటి మీద మచ్చ కనపడినా అది ఎవురిదని అడుగుతాం. గట్టిగా అడుగుతాం."

"జడుసుకుంటే ఏం చేసేది మరి?" అంది వెనకనుంచి ఒక ముసలామె.

"ఎత్తుకో. దేనికి భయమని అడుగు. అడిగి ఉంటే మాకు ఈ గతి పట్టునా?"

అంతలో ఎవరో కబురు పెట్టారేమో, పిళ్ళప్ప తాళం కప్ప పట్టుకుని వచ్చాడు. వాకిట్లో గుంపును చూసి, చెల్లెలి మొహం చూసి, సంగతి అర్థం చేసుకున్నాడు.

"అయితే మీకు శిశువిహార వద్దు. అంతే కదా? తాళం వేస్తాండా. అందురూ బయటికి రండి."

"మాకు శిశువిహార కావాల. మీ చెల్లెలు వద్దు" అంది మా అమ్మ.

"ఇది నేను తెప్పించింది!"

"బిడ్డల్ని కనింది మేము. నీ తలుపు మూసుకోనుండబట్టే కదన్నా మాకు ఏమీ తెలీకపోయింది."

ఆ మాట అంటూనే అమ్మ తలుపు వైపు చూసింది. అవ్వ కూడా చూసింది. పాతకాలం ఒంటిరెక్క తలుపు. కింద గడపలో గుంటలో కూర్చుని తిరుగుతుంది. పైకెత్తి వంచితే ఊడి వస్తుంది. ఆ అత్తాకోడళ్ళు చెరొక పక్క చెయ్యి వేశారు. బరువుకు తలుపు పక్కకు ఒరిగితే పుట్టమ్మ వచ్చి పట్టుకుంది. తర్వాత అంజనమ్మ. వీధి పొడుగునా మోసుకుపోయి, పిళ్ళప్ప ఇంటి అరుగుకు ఆనించారు.

"నీ తాళం దీనికి వేసుకో అప్పా" అంది అవ్వ.

సోమవారం నాయన చింతామణికి నడిచి పోయి తాలూకా ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. వేలిముద్రలన్నీ ఆడవాళ్ళవే. విచారణకు ఒక దొర వచ్చి పిల్లల కాళ్ళు చూసి పోయాడు. సుబ్బలక్ష్మమ్మను పనిలోనుంచి తీసేశారు. శిశువిహార ఎక్కడికీ పోలేదు. పాలపొడి కూడా ఆగలేదు.

నీళ్ళు మాత్రం ఆగాయి. పిళ్ళప్ప అన్నంత పని చేశాడు. ఆ సంవత్సరం మా చెనిక్కాయ చేను ఎండిపోయింది. కుండలతో మోసుకొచ్చిన నీళ్ళతో ఒక చేనును ఎంతని తడుపుతారు? ఊరి బావి దగ్గర ఎదురుపడి పిళ్ళప్ప, "ఏమక్కా, చేను ఎట్లుండాది?" అని వెక్కిరించాడట. "ఎండిపోయిందప్పా" అందట అవ్వ. "వచ్చే ఏడు మళ్ళా విత్తుతాం. బిడ్డను మళ్ళా విత్తలేము కదా."

కొత్త టీచరమ్మ వచ్చి, వాకిలికి తలుపు లేదేమని అడిగింది. ఉండదన్నారు ఊరివాళ్ళు. మేకలు లోపలికి వస్తాయంది. రానీ, తోలుకుంటామన్నారు. వంతులేసుకుని రోజూ ఒక ముసలామె గడప మీద కూర్చునేది.

మొదటి వంతు అవ్వదే. ఆ రోజు రత్ని గుంజను పట్టుకోలేదు, అవ్వ కొంగును పట్టుకుంది. లోపలికి పోయింది గానీ, మధ్యాహ్నం పిల్లలంతా చాపల మీద వాలగానే కాళ్ళు పావడాలోకి లాక్కుని కండ్లు గట్టిగా మూసుకుంది.

గడప మీదనుంచి అవ్వ చూసింది. లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"నిద్దర వస్తాండాదా?"

రత్ని తల అడ్డంగా ఊపింది, కండ్లు తెరవకుండానే.

"రాకపోతే మేలుకో. ఎవురూ ఏమీ అనరు. కండ్లు తెరువు, చూడు, వెంకటప్ప మేక లోపలికి వచ్చి టీచరమ్మ చీర కొంగు నములుతాండాది."

ఒక కన్ను తెరిచింది మా అక్క. తర్వాత రెండోది.