దస్కతు పెట్టిన చెయ్యి

జొన్నపిండి పిసుకుతున్న చేతిని కొంగుకు తుడుచుకుని దస్కతు పెట్టడం అరుణాదేవికి అలవాటే. "జెర గీడ పెట్టు, ఏజెంటు అని ఉన్నకాడ," అంటాడు విశ్వేశ్వర్, కాగితం మీద వేలు ఆనించి. చదవబోతే, "రొట్టె మాడుతది, సూడు," అంటాడు. అతనిది సంగారెడ్డిలో సర్కారు కొలువు. కొలువున్నవాడు బీమా ఏజెన్సీ నడపకూడదు కాబట్టి పెళ్లాం పేరు మీద నడుపుతున్నాడు. పేరు ఆమెది, బేరం అతనిది, కమీషన్ అతని జేబుది. వచ్చినవాళ్లందరితో అత్త సావిత్రమ్మ అనేది: "మా కోడలు పేరుకే ఏజెంటు. పాలసీ అంటే ఏందో అడుగుండ్రి, పాలకూర కట్ట అంటది." అందరూ నవ్వేవాళ్లు. అరుణ కూడా నవ్వేది. నవ్వకుంటే మూతి ముడిచిందంటారు మరి.

బీరమ్మ పెనిమిటి చనిపోయినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. అతను బొల్లారం మందుల కంపెనీలో పనిచేసేవాడు, పాలసీ విశ్వేశ్వరే కట్టించాడు. అతనికి ఎప్పటినుంచో దమ్ము, ఊపిరాడని రోగం. అరుణ దస్కతు పెట్టిన కాగితంలో ఏ రోగమూ లేదని రాసి ఉంది. డబ్బు ఇవ్వనని బీమా కంపెనీ చేతులెత్తేసింది. "నీ దస్కతే కదక్కా," అంది బీరమ్మ గడపలో నిలబడి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే ప్రైవేటు బీమా కంపెనీలు దిగాయి. కంపెనీలన్నిటి మీదా కన్నేసి ఉంచడానికి సర్కారు ఒక సంస్థను పెట్టింది. కొత్త కంపెనీలో కమీషన్ ఎక్కువని ఆశపడ్డ విశ్వేశ్వర్‌కు కొత్త లైసెన్సు కావలసి వచ్చింది. లైసెన్సు ఎవరి పేరున ఉంటుందో వాళ్లే తరగతిలో కూర్చోవాలి, వాళ్లే పరీక్ష రాయాలి అని ఆ సంస్థ హుకుం.

పటాన్‌చెరులో తరగతి. మొదటిరోజు సంగతి తలుచుకుంటే అరుణకు ఇప్పటికీ కడుపు పట్టుకుని నవ్వాలనిపిస్తుంది. వచ్చినవాళ్లలో చాలామందివి ఇట్లా పెళ్లాం పేరు మీది ఏజెన్సీలే. అలవాటు కొద్దీ మొగుళ్లంతా సంచులతో లోపలికి పోయి బెంచీల మీద కూర్చున్నారు. పెళ్లాలంతా టిఫిను డబ్బాలు ఒళ్లో పెట్టుకుని వరండాలో చతికిలబడ్డారు. పాఠం చెప్పే మేడమ్ హాజరు పిలిచింది.

"అరుణాదేవి!"

"యెస్ మేడమ్!" విశ్వేశ్వర్ లేచి నిలబడ్డాడు.

మేడమ్ అతని మీసాల వంక చూసి, "మంచి పేరు," అంది.

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు ఆ నవ్వు. డబ్బాలు మొగుళ్ల చేతుల్లోకి పోయాయి, పెళ్లాలు బెంచీల మీదికి వచ్చారు. "జల్దీ నేర్సుకో, ఆఫీసుకు లేటయితుంది," అని గొణిగి పోయాడు విశ్వేశ్వర్.

జల్దీ నేర్చుకునేంత చిన్న సంగతి కాదది. కంపెనీ దివాలా తీయకుండా లెక్కలు చూసేవాళ్లు ఉన్నారట. మాట తప్పితే నిలదీసేవాళ్లు ఉన్నారట. ఏజెంటు తప్పువల్ల నష్టపోయినా మొరపెట్టుకునే చోటు ఉందట. అరుణకు గడపలో నిలబడ్డ బీరమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. "గాళ్లకు జీతం ఎవరిస్తరు మేడమ్?"

"కంపెనీలే ఏటేటా ఫీజు కట్టాలి. అదెక్కడిది? జనం కట్టే ప్రీమియంలోది. కావలి ఊరికే రాదమ్మా. దానికి డబ్బు ముందే తీసిపెట్టాలి, ఏటా తీసిపెట్టాలి. లేకుంటే కావలి కాసేవాడే కునుకు తీస్తాడు. ఆ కావలిలో మొదటి కన్ను ఏజెంటుది."

ఇంటికి నడుస్తుంటే ఆ మాటే చెవుల్లో మోగింది. కావలి ఊరికే రాదు. పాలు పొంగకుండా, పిల్లకు జ్వరం ముదరకుండా, అత్త బీపీ గోలీ మరవకుండా, ఒకరి మాట ఇంకొకరికి గుచ్చుకోకుండా ఇన్నేళ్లూ ఆ ఇంటికి కావలి ఎవరు? దానికెవరు ఏం తీసిపెట్టారు? కనీసం ఒక మంచి మాటైనా? బీరమ్మ పెనిమిటి కట్టిన ప్రీమియంలోంచి ఏజెంటు కమీషన్ పోయింది. మొదటి కన్నేమో పిండిచేత్తో మూసుకుని ఉంది. ఏడుపు రావలసిందే. రాలేదు. నడక జోరందుకుంది.

పరీక్ష పాసయింది. ఫోటోతో లైసెన్సు కార్డు వచ్చింది. "ఫోటోల మంచిగనే పడ్డవు," అంది సావిత్రమ్మ, అంతకంటే ఏమనాలో తోచక. విశ్వేశ్వర్ కార్డును జేబులో వేసుకున్నాడు. "ఇగ నేను సూసుకుంట."

మర్నాడు మళ్లీ పిండి, మళ్లీ కాగితం. "గీడ పెట్టు."

అరుణ కొంగుకు తుడుచుకోలేదు. కుళాయి దగ్గరికి పోయి చేతులు శుభ్రంగా కడుక్కుంది. నిలబడి కాగితం మొత్తం చదివింది.

"కిష్టప్ప ఎవరు?"

"బొల్లారంల షిఫ్టు పని చేస్తడు. నీకెందుకే?"

"దమ్ము గిట్ల ఉన్నదేమో అడిగిండ్రా?"

"అడిగితే బేరం పోతది."

"పోతే పోనీ. నేను పోయి అడుగుత."

"రొట్టెలెవలు చేస్తరు?"

ఆమె చెయ్యి చాపి అతని జేబులోంచి కార్డు తీసుకుంది. "పిండి పిసికిపెట్టిన. గట్టిపడితే జెర నీళ్లు సల్లుకోండ్రి."

"ఒక్కదానివే యాడికే?" వెనక నుంచి అత్త అరిచింది.

"మొదలు బీరమ్మ ఇంటికి అత్తమ్మా," చెప్పులు వేసుకుంటూ అంది అరుణ. "ఆమెకు మొర రాసియ్యాలె. నేను పెట్టిన దస్కతు మీదనే."