పెద్దవాళ్ళకి మినహాయింపు

సింకు గొట్టంలో ఇరుక్కున్నదాన్ని టీచరమ్మ రెండు వేళ్ళతో పట్టుకుని లాగుతోంది. ముందు నల్లగా, జిగటగా ఏదో వచ్చింది. దాని వెనకే వెంట్రుకల ఉండ, ఎంగిలి మెతుకులు, గడ్డం తుక్కు. అవును, గడ్డమే. గిన్నెలు తోమే సింకు దగ్గరే గీసుకుంటాడు మొగుడు మహానుభావుడు, అక్కడైతే వెలుతురు బాగుంటుందట! మొహం పక్కకి తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి కేక వినిపించింది. "టీ ఈ జన్మలో అవుతుందా, వచ్చే జన్మదాకా ఆగాలా?"

"వాడికి చిన్నప్పటి నుంచీ అంతే అమ్మాయ్" అంది అత్తగారు, కాళ్ళు చాపుకుని కూర్చునే. "మగాడికి అవన్నీ ఎక్కడ తెలుస్తాయి? నువ్వే చూసుకోవాలి."

టీచరమ్మ చేతులు కడుక్కుని టీకి నీళ్ళు పెట్టింది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకే ఒక్కసారి మొగుడితో అంది. నలుగురిలో నన్నలా అనకండి, మనసుకి కష్టంగా ఉంటుంది అని, పాపం మెత్తగానే అంది. ఆయన పడీ పడీ నవ్వాడు. "నేను నీ మూడో క్లాసు పిల్లాడిననుకున్నావా, పాఠం చెబుతున్నావు?" అన్నాడు. అప్పుడు అత్తగారు కూడా నవ్వి, "ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదే తల్లీ" అని సామెత ఒకటి ఒళ్ళో పడేసింది. ఆ రోజు నుంచి మా టీచరమ్మ ఊరుకుంటూనే ఉంది. ఆ ఉత్తమం ఏమిటో మాత్రం ఇంతవరకూ కంటికి కనపడలేదు.

ఇంతకీ ఈవిడ బడిలో చెప్పేదేమిటనుకున్నారు? మర్యాద! నవ్వకండి. మూడో క్లాసుకి లెక్కలతో పాటు మర్యాద పీరియడ్ కూడా ఈవిడదే. ఒకరినొకరు ఎలా గౌరవించుకోవాలి, నలుగురిలో ఎలా మెలగాలి, అదీ పాఠం. పుస్తకంలో ఉన్నదంతా నీతి వాక్యాలే. అవి పిల్లలు గడగడా అప్పజెప్పి, గంట కొట్టగానే బయటికెళ్ళి కొట్టుకునేవాళ్ళు. చూసి చూసి విసుగొచ్చి, పుస్తకం మూసేసి తనే ఒక పద్ధతి పెట్టింది. ఎవరికైనా మనసు నొచ్చుకుంటే లేచి నిలబడి, "నువ్విలా చెయ్యడం నాకు నచ్చలేదు" అనాలి. తిట్టకూడదు, చెయ్యెత్తకూడదు. అవతలివాళ్ళు "ఎందుకు?" అని అడిగి తీరాలి. అడిగి, చివరిదాకా వినాలి. ఆ తర్వాతే తమ మాట.

మొదట్లో అంతా గోలే. "టీచర్, వీడి మొహం నాకు నచ్చలేదు!" మొహం కాదురా నాయనా, చేసిన పని చెప్పాలి అని నేర్పేసరికి ఆవిడకి నోరు నొప్పెట్టింది. కానీ మెల్లిమెల్లిగా పట్టుబడింది. అందరూ డ్రమ్ము డ్రమ్ము అని ఏడిపించే లావుపాటి పిల్లాడు ఒకరోజు లేచి, "అలా పిలవడం నాకు నచ్చలేదు" అన్నాడు. ఏడిపించినవాడు కాసేపు నసిగి, "ఎందుకు?" అన్నాడు. నిజంగానే అడిగాడు. వాడు చెప్పింది నోరు తెరుచుకుని విన్నాడు. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి, అప్పటికే తుడిచిన బోర్డునే మళ్ళీ మళ్ళీ తుడిచింది. పిల్లల ముందు ఏడిస్తే బాగుండదు కదా మరి.

ఎవరొచ్చినా హెడ్మాస్టరు ఆ క్లాసుకే తీసుకొచ్చి, ఇది మా బడి ప్రత్యేకత అని చూపించుకునేవాడు. అంతా బాగానే ఉంది, పిట్ట ఆ పద్ధతిని ఇంటికి పట్టుకెళ్ళేదాకా.

పిట్ట అంటే ముందు బెంచీలో కూర్చునే బక్కపల్చటి పిల్ల. గింజలు ఏరుతున్నట్టు తింటుందని ఆ పేరు పెట్టారు. వాళ్ళ నాన్న ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఆ రోజు సింకు పని ముగించుకుని టీచరమ్మ బడికి వెళ్ళగానే హెడ్మాస్టరు గదికి పిలుపొచ్చింది. కాంట్రాక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గోడ పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. గదిలో ఇంకో కుర్చీ ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు. ఆవిడ కొంగు పట్టుకుని పిట్ట. ఆ పిల్ల చెంప కమిలి ఉంది.

"రండి టీచర్, ముందు సార్‌కి కాస్త టీ పొయ్యండి" అన్నాడు హెడ్మాస్టరు. ఫ్లాస్కు ఆయన చేతికందేంత దూరంలోనే ఉంది. టీచరమ్మ పోసింది. ఛీ, ఈ చేతులకి ఎంత అలవాటైపోయింది అనుకుంటూనే పోసింది.

"రాత్రి అన్నం దగ్గర మంచినీళ్ళు పెట్టడం మర్చిపోయింది మా ఆవిడ" అని మొదలెట్టాడు కాంట్రాక్టరు. "బుద్ధుందా, గడ్డి తింటున్నావా అన్నాను. మొగుడన్నాక ఆమాత్రం అంటాడు కదండీ? ఇదిగో, ఈ వేలెడంత పిల్ల లేచి, నాన్నా, అమ్మనలా అనడం నాకు నచ్చలేదు అంది. అని ఊరుకుందా? నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. ఏమిటే చూస్తున్నావు అని ఒక్కటిచ్చాను."

ఎందుకు నిలబడిందో ఈ పెద్దమనిషికి తెలీదు. టీచరమ్మకి తెలుసు. ఇప్పుడు నాన్న "ఎందుకు?" అని అడుగుతాడు కదా అని పిచ్చిపిల్ల ఎదురుచూస్తూ నిలబడింది. నమ్మి నిలబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంట్లో ఒక్కనాడూ తను అనలేని మాటని ఈ పిల్లకి నేర్పి, దెబ్బ తినడానికి పంపింది.

"గోరంత దాన్ని కొండంత చెయ్యడం ఎందుకు?" అన్నాడు హెడ్మాస్టరు. "పాప ఇక్కడే నాన్నగారికి సారీ చెప్పేస్తుంది. రేపు మీరు క్లాసులో ఇంకో ముక్క కలపండి టీచర్. ఈ పద్ధతి పిల్లల మధ్యనే, పెద్దవాళ్ళకి వర్తించదు అని. అంతే కదా, చిన్న మినహాయింపు. ముందు సారీ చెప్పించండి మరి."

పిట్ట టీచరమ్మ వైపు చూసింది. నువ్వు చెప్పమంటే చెప్పేస్తాను అన్నట్టు చూసింది. ఆ చూపు భరించడం కష్టమైంది.

"పాప తప్పేం చెయ్యలేదు సార్" అంది టీచరమ్మ. "నేను చెప్పించను."

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలా కాదులెండి" అంటూ ఫోను అందుకున్నాడు. ఎవరికి చేస్తాడనుకున్నారు? పై ఆఫీసుకి కాదు, ఆవిడ మొగుడికి! ఇద్దరూ పొద్దున్నే కలిసి నడిచే స్నేహితులు. జుట్టు నెరుస్తున్న ఉద్యోగస్తురాలి మీద, అల్లరి పిల్ల మీద చెప్పినట్టు, ఇంటికి ఫోను చేసి ఫిర్యాదు చెప్పాడు. అందరూ వినాలని స్పీకరు కూడా పెట్టాడు.

అవతల మొగుడి నవ్వు గదంతా నిండింది. "అయ్యో సార్, మా ఆవిడకి లోకం తీరు తెలీదు. ఆవిడ తరఫున నేను సారీ చెబుతున్నాను. పాపతో కూడా చెప్పించేస్తుంది లెండి."

"చూశారా మేడం, మీవారెంత మర్యాదస్తులో!" అన్నాడు కాంట్రాక్టరు, టీ జుర్రుకుంటూ.

గదిలో ఉన్న ఇద్దరు మగాళ్ళూ, ఫోనులో ఉన్న ఒకడూ కలిసి పని పూర్తిచేసేశారు. ఆవిడని అడిగినవాడు లేడు. ఆవిడ నోటితో చెప్పాల్సిన మాట కూడా ఇంకెవరో చెప్పేశారు. టీచరమ్మకి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. ఫోను దగ్గరికి వంగింది.

"మీ సారీ మీ దగ్గరే ఉంచుకోండి. నా తరఫున చెప్పమని మిమ్మల్ని నేనడగలేదు. ఈ పిల్ల చెప్పదు, నేనూ చెప్పను."

అంతే, ఆ నవ్వు గొంతే ఇంటి గొంతయింది. "ఏయ్! బుద్ధుందా నీకు? ఎవరితో మాట్లాడుతున్నావే? నోర్మూసుకుని ఆయన చెప్పింది చెయ్యి. ఇంటికి రా, చెబుతా నీ సంగతి. జీతం రాగానే నెత్తికెక్కిందనుకుంటున్నావేమో..."

కాంట్రాక్టరు చేతిలో కప్పు గాల్లో ఆగిపోయింది. ఆయన భార్య తలెత్తి ఫోను వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా హెడ్మాస్టరు ఫోను కట్టెయ్యబోయాడు. టీచరమ్మ దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అవతల తిట్లు ఆగలేదు.

"ఉండనివ్వండి సార్" అంది. "మీ బడిలో మర్యాద పాఠం చెప్పేదాని ఇల్లు ఇది. కూర్చుని వినండి."