ఆరని పెరటి లైటు

బుజ్జికి నలభై మూడేళ్లు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తుంది. అంత పనిమంతురాలు ఇంటికొస్తే మాత్రం బుజ్జే. ఎందుకంటే ఇంట్లో అక్క ఉంది. తల్లి పోయాక బుజ్జిని పెంచిన మనిషి, ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, వీధి వీధంతా టీచరమ్మ అని పిలిచే మనిషి. అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో చెప్పబోతే అదో పెద్ద కథ, ఇప్పుడు వదిలేద్దాం.

ఆ ఇంటి వెనక తలుపు పైన ఒక హాలోజన్ లైటు ఉండేది. లైటని మర్యాదకు అంటున్నాను గానీ, అది ఐదు వందల వాట్ల పొయ్యి. పురుగు వాలితే మాడి కింద పడాల్సిందే. దాని కింద మనిషి కదలికను పసిగట్టే సెన్సార్ ఒకటి. చీకటి పడ్డాక బుజ్జి ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్లినా, చెత్త పడేయడానికి వెళ్లినా, ఊరికే గాలికి నిలబడదామనుకున్నా, భగ్గుమని వెలిగేది. వెలుగంతా అక్క గది కిటికీలోంచి తిన్నగా మంచం మీద పడేది. అక్క గొంతు వెంటనే లేచేది. ఎవరది, నువ్వేనా, అక్కడేం పని, ఎంతసేపు, లోపలికి రా. పదకొండేళ్లుగా ఇదే పాఠం. జైల్లో ఉన్నవాడికైనా అప్పుడప్పుడు పెరోల్ దొరుకుతుంది.

అలాగని అక్కను ఆడిపోసుకోకండి. పదకొండేళ్ల క్రితం బుజ్జి ఒక స్నేహితురాలి పెళ్లికి వెళ్లిన రోజు, వెనక తలుపులోంచి దొంగ దూరాడు. వాడు ఎత్తుకుపోయింది ఒక గ్యాస్ సిలిండరు, ఒక ప్రెషర్ కుక్కరు. నవ్వొస్తోంది కదూ? కానీ పోతూ పోతూ అక్కను బాత్రూములోకి నెట్టి బయట గడియ పెట్టాడు. బుజ్జి ఇంటికి చేరేసరికి ఐదు గంటలు గడిచాయి. అరిచి అరిచి అక్కకు గొంతు పోయింది. ఆ తర్వాతే ఆ లైటు వచ్చింది. అప్పట్నుంచి ఈనాటి దాకా అక్క స్నానం తలుపు ఓరగా తీసే చేస్తుంది. ఆ రోజు నువ్వెందుకు లేవని ఒక్కసారైనా ఎత్తిపొడిచిన పాపాన పోలేదు. ఎత్తిపొడిచి ఉంటే బుజ్జికి కాస్త సుఖంగా ఉండేది, తిరిగి ఓ మాట అనేసి ఊపిరి పీల్చుకునేది.

ఇక అసలు సంగతికొస్తాను. షాపు ఓనరమ్మ రెండు వందల కిలోమీటర్ల అవతల ఇంకో షాపు తెరుస్తోంది. అక్కడి వర్క్‌షాపంతా నీ చేతికే వదిలేస్తాను, పైన ఒక గది కూడా ఉంది, ఒకటో తారీఖుకల్లా వచ్చెయ్యి అంది. తన గది, తన తాళం, తన ఇష్టం. బుజ్జికి ఆశ లేకపోవడమేమిటి, ప్రాణం లేచొచ్చింది. కానీ అక్క మొహం గుర్తొచ్చి నీళ్లు నమిలింది. ఓనరమ్మ ఆ కొత్త ఊళ్లోనే మకాం పెట్టి రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. షాపులో మాట్లాడితే ఆ కబురు బుజ్జికంటే ముందే ఇంటికి చేరుతుంది. ఇంట్లో మాట్లాడితే అక్క వింటుంది. పెరట్లోకి పోతే లైటు ఊరుకోదు.

అటువంటి సమయంలో హాలోజన్ ఓ రోజు ఫట్‌మని పోయింది. వీధి మలుపులో ఉండే ఎలక్ట్రీషియన్ ఎల్‌ఈడీ పట్టుకొచ్చాడు. వాడు ఒకప్పుడు టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. నెత్తిన జుట్టు ఊడిపోయినా ఆవిడ ముందు ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు. సెన్సార్ కూడా మార్చాలి టీచరమ్మగారూ, అని నసిగాడు. పనిచేసేదాన్ని ఎందుకు మారుస్తావురా అంది టీచరమ్మ. అంతే, వాడి నోరు పడిపోయింది. పాత సెన్సార్‌కే కొత్త లైటు తగిలించి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం లైటు వెలిగింది, బాగానే ఉంది. ఆరడం దగ్గరే వచ్చింది చిక్కు. పూర్తిగా ఆరదు. మసగ్గా వెలుగుతుంది, మినుకుమంటుంది, మళ్లీ మసగ్గా. బుజ్జి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసింది. పాత సెన్సార్ లైటు ఆర్పినప్పుడు కూడా పిసరంత కరెంటు వదులుతుందని, హాలోజన్‌కు అది ఏ మూలకూ రాదు గానీ ఈ చిన్న లైటుకు సరిపోతుందని వాడు చెప్పాడు. పది నిమిషాల పని, రేపే వస్తానన్నాడు. బుజ్జి సరేననబోయి ఆగింది. అప్పటికి ఆమె పెరట్లో నిలబడి పావుగంటైంది. కిటికీలోంచి ఒక్క ప్రశ్న రాలేదు. లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే ఎవరొచ్చారో, ఎవరు పోయారో అక్కకెలా తెలుస్తుంది?

"నేను చెప్పేదాకా రావద్దు" అంది బుజ్జి.

ఆ వారమంతా బుజ్జి సాయంత్రాలు పెరట్లోనే గడిచాయి. ఓనరమ్మతో అద్దాల మిషన్ల గురించి మాట్లాడింది, గదికి కిటికీ ఎటుందో అడిగింది, చాలా రోజుల తర్వాత పైకి నవ్వింది. శనివారం కల్లా ఖాయంగా చెప్పెయ్యమంది ఓనరమ్మ. చెప్పేస్తానంది.

అక్కడ బుజ్జి నవ్వుతుంటే ఇక్కడ అక్క వాడిపోయింది. ఎవడో పెరట్లో తిరుగుతున్నాడే, లైటు ఆరడమే లేదు చూడు, అనడం మొదలుపెట్టింది. కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసుకుంది. అన్నం సయించలేదు. గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడేది. బుధవారానికి, షాపు మానెయ్యవే రెండు రోజులు అంది. శుక్రవారం బుజ్జి వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. దీనికి మందు పది నిమిషాల పని అని తెలిసీ దాచిపెట్టిన తన మీద బుజ్జికి అసహ్యం వేసింది. ఇలాంటి మనిషిని వదిలి ఎక్కడికి పోతాను, ఏ మొహం పెట్టుకుని పోతాను అనుకుంది. శనివారం పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ను రమ్మంది. ఓనరమ్మకు రాలేనని చెప్పడానికి మాటలు కూడా కూర్చుకుంది.

వాడు నిచ్చెనెక్కి పాత సెన్సార్ విప్పుతూ, టీచరమ్మగారు ఎట్టకేలకు ఒప్పుకున్నారన్నమాట, అన్నాడు. ఒప్పుకోవడమేంటని అడిగింది బుజ్జి.

"లైటు పెట్టిన మర్నాడే ఆవిడే ఫోన్ చేశారమ్మా. మీకు చెప్పిందే ఆవిడకీ చెప్పాను. నేను చెప్పేదాకా రాకురా అన్నారు. మీరూ అదే అన్నారు కదా, ఇద్దరూ అనుకునే అన్నారేమోనని ఊరుకున్నాను."

బుజ్జికి అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టుకున్న నిచ్చెన వదిలేసి లోపలికి నడిచింది. అక్క కిటికీ దగ్గర కుర్చీలోనే ఉంది. అంతా వినే ఉంటుంది, మొహం తిప్పుకోలేదు.

"తెలిసే కూర్చున్నావా వారం రోజులు?"

"నువ్వు తెలిసే తిరగలేదా?" అంది అక్క. "ఫోన్‌లో నువ్వు మాట్లాడింది మొదటి రోజే విన్నానే. కిటికీ పక్కన నిలబడి మాట్లాడితే వినపడదా? లైటు బాగైతే నాకిక భయం లేదనుకుని వెళ్లిపోతావు. అందుకని వద్దన్నాను."

"మరి భయమంతా నాటకమా?"

అవునను అక్కా అని లోపల్లోపల బతిమాలుకుంది బుజ్జి. అవునంటే చాలు, కోపంగా పెట్టె సర్దుకోవచ్చు, తలుపు ధడాలున వేసి పోవచ్చు. అక్క తన చేతులకేసి చూసుకుంది.

"నాటకమైతే బాగుండును" అంది. "పెరట్లో ఎవడూ లేడని తెలుసు. అది వైరు సంగతని తెలుసు. తెలిసినా వణుకు ఆగలేదే. ఏం చెయ్యను చెప్పు?"

బుజ్జి కోపం ఉన్నపళంగా జారిపోయింది, దాని చోట వచ్చింది కోపం కన్నా బరువుగా ఉంది. మంచం మీద కూలబడింది. బయట ఎలక్ట్రీషియన్ పనైపోయిందని కేక వేసి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఇక లైటు ఆరాల్సినప్పుడు ఆరుతుంది. అక్క చేతులు మాత్రం ఒళ్లో అలాగే వణుకుతున్నాయి. పదకొండేళ్లుగా బుజ్జి ఒక్క సాయంత్రం ఇల్లు వదల్లేదు, అయినా ఆ వణుకు పిసరంతైనా తగ్గలేదు. ఇంకో పదకొండేళ్లు కాపలా ఉన్నా తగ్గదు. అది తట్టేసరికి బుజ్జికి ఏడుపొచ్చింది. తాను ఉండి అక్కకు చేసిన మేలేమిటో ఎంత వెతికినా కనపడలేదు.

ఫోన్ మోగింది. ఓనరమ్మ. ఇద్దరూ దానికేసి చూశారు. బుజ్జి పెరట్లోకి పోలేదు, అక్కడే అక్క ఎదురుగా ఎత్తింది. ఏం చెప్పాలో పొద్దున కూర్చుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. వాటిని మింగేసింది.

"వస్తున్నాను మేడమ్. ఒకటో తారీఖుకల్లా."

అక్క కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. పిల్లలను గడగడలాడించిన ఆ గొంతులోంచి ఏడుపుతో కలిసి చిన్న మాట ఒకటి వచ్చింది.

"మరి నేను?"

బుజ్జి లేచి అక్క కుర్చీ దగ్గరికి వెళ్లింది. ఫోన్‌లో ఓనరమ్మ హలో, హలో అంటోంది. పక్కన ఎవరో ఏడుస్తున్నట్టుందే, ఎవరని అడుగుతోంది.

"మా అక్క" అంది బుజ్జి, ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని. "అయినా వస్తున్నాను మేడమ్."