కింది వచనం

సంఘంలో ఆవిణ్ణి అందరూ వివరాలక్క అనేవారు. వెక్కిరింపు కాదు, ముద్దుకే. ఎవరైనా బైబిల్లోంచి ఒక వచనం పట్టుకుని తమకు కావలసినట్టు తిప్పుకోబోతే చాలు, "ఆగమ్మా, పై వచనం చదివావా? కింది వచనం చదివావా?" అని నిలదీసేది. ఆవిడ ముందు బెంచీలో కూర్చుంటే పాస్టరుగారంతటి ఆయన కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ప్రసంగం చేసేవారు.

అంతటి మనిషి ఇంట్లో కన్నతల్లిని కొడుతోంది.

రోజూ కాదులెండి. అలాగని ఏ ఒక్కసారో కూడా కాదు. ముసలావిడకు మతి పోయింది. ముందుగదిలో కూతురు మిషను మీద చొక్కాల కాలర్లు కుడుతుంటే, మంచం మీంచి, "మా అమ్మాయి బడి నుంచి వచ్చిందా?" అని అడుగుతుంది. యాభై దాటి, కళ్ళజోడు పెట్టుకుని ఆ అమ్మాయి ఎదురుగానే ఉంది! వచ్చిందంటే "సరే" అంటుంది. దారం మార్చేలోపు మళ్ళీ అడుగుతుంది. వినేవాళ్ళకు జాలిగానే ఉంటుంది, పొద్దస్తమానం పడేవాళ్ళకు తల ప్రాణం తోకకొస్తుంది. కొట్టిన ప్రతిసారీ వివరాలక్క వెక్కివెక్కి ఏడ్చేది. ఈసారి మోకాళ్ళ మీద పడి దేవుడికి మాటిచ్చింది. "ఇంక చెయ్యెత్తను ప్రభువా. ఎత్తితే ఈ నోటితో నీ వాక్యం చెప్పను."

ఆదివారం స్త్రీల తరగతిలో పాఠం దీర్ఘశాంతం. అబ్బ, ఎంత బాగా చెప్పిందో! "ఓర్పంటే పళ్ళు బిగబట్టుకోవడం కాదమ్మా. దేవుడు మనల్ని భరిస్తున్నాడే, అదీ ఓర్పంటే" అంది. వెనక బెంచీలోంచి ఒక పసివాడి తల్లి లేచి నిలబడింది.

"మరి అది మనకెప్పుడొస్తుందక్కా? మా పిల్లాడి మీద రోజూ విరుచుకుపడుతున్నాను." ఆ తల్లి కళ్ళనిండా నీళ్ళు.

వివరాలక్క తెరిచి ఉన్న బైబిల్లోకి చూసింది. "ఓర్పు ఆత్మ ఫలం అన్నారు కదమ్మా. చెట్టు కాపుకు రావద్దూ? మనం తొందరపడితే వస్తుందా?" అంది.

ఆ తల్లి ఊపిరి పీల్చుకుంది. అందరూ తలలూపారు. బైబిల్లో ఆత్మ ఫలం మాట కిందే, క్రీస్తుకు చెందినవాళ్ళు తమ శరీరాన్ని దాని కోరికలతో సహా సిలువ వేశారని ఉంది. వివరాలక్కకు అది కంఠతా వచ్చు. అయినా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కింది వచనం చదవకుండా పుస్తకం మూసేసింది.

ఇంటికొచ్చి, అమ్మకు కాపలా ఉన్న పక్కింటి పిన్నిని పంపేసి, గిన్నెలో అన్నం మెత్తగా కలిపి మంచం దగ్గర కూర్చుంది.

"మా అమ్మాయి వచ్చిందా?"

"నేనేనమ్మా. వచ్చేశాను. తిను."

రెండు ముద్దలు దిగాయి. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే జవాబు, నవ్వుతూనే. ఇంకో ముద్దకు ముసలావిడ నోరు బిగించేసింది. "అదొచ్చాక తింటాను. ఆకలితో వస్తుంది పిచ్చిది. దానికుంచు" అని గిన్నెను ఒక్క తోపు తోసింది. అన్నమంతా వివరాలక్క ఒళ్ళో పడింది.

చెయ్యి లేచింది. ఈడ్చి కొట్టింది.

ముసలావిడ చెంప పట్టుకుని తలుపు వైపు చూసింది. ఏడవలేదు. గొంతు తగ్గించి బతిమాలింది. "నీకు దణ్ణం పెడతాను తల్లీ, మా అమ్మాయి వచ్చే వేళయింది. అదొచ్చేలోగా వెళ్ళిపో. దాన్ని కూడా కొడతావు."

మరుసటి ఆదివారం పాఠం దయ. వివరాలక్కే చెప్పింది. చాలా బాగా చెప్పిందన్నారు.